పాతరలో టెంకలు

బుజ్జీ, చిన్నోడా,

మొన్న ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో నాయనమ్మ సమాధికి పూలు పెట్టి కొవ్వొత్తి వెలిగించాం, గుర్తుందా? గాలికి అది మాటిమాటికీ ఆరిపోతోంది. బుజ్జి చెయ్యి అడ్డం పెట్టి, "తాతయ్యా, నాయనమ్మ నిజంగా లేస్తుందా? పాస్టరుగారు చెప్పారని నమ్ముతున్నావా, నీకే నమ్మకమా?" అనడిగింది. "నాకే నమ్మకం" అన్నాను. ఆ నమ్మకం ఎలా కుదిరిందో చెప్పలేదు. భాద్రపదం వచ్చింది, దొడ్లో తాటిపళ్ళు రాలుతున్నాయి. ఇప్పుడు చెప్పగలననిపిస్తోంది.

మాది బాపట్ల దగ్గర ఇసుక నేల కదా. మీరు పండు పీక్కుతిని టెంకలు పారేస్తారు. మేం ఒక్కటి కూడా పోనిచ్చేవాళ్ళం కాదు. ఇసుక గుల్ల చేసి, టెంకలన్నీ పక్కపక్కనే పేర్చి, పైన మట్టి కప్పేవాళ్ళం. అదే తేగల పాతర. ఎండిపోయిన టెంకను చేత్తో పట్టుకుంటే రాయిలా ఉంటుంది, పీచు తప్ప ఏమీ కనబడదు. అందులో ప్రాణముందంటే ఎవరు నమ్ముతారు?

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్న తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్ళు. పెట్టె మీద మట్టి పడ్డ చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది నాకు. ఆ తర్వాత గుడిలో అందరం కలిసి మా నమ్మకాన్ని పలికే విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు 'శరీర పునరుత్థానం', అంటే చచ్చినవాళ్ళు శరీరంతో లేస్తారన్న మాట దగ్గరికి రాగానే నా నోరు మూతపడేది. అందరూ చెప్పేవాళ్ళు, మా అమ్మ అందరికంటే గట్టిగా చెప్పేది. నాకు మాత్రం ఆ మట్టి చప్పుడే గుర్తొచ్చేది. ఆ ఏడే పాతర పెట్టాక, నాలుగు రోజులకోసారి వెళ్ళి ఒక టెంక పైకి తీసి చూసేవాణ్ణి. ఏమీ లేదు. మళ్ళీ తీశాను, ఏమీ లేదు. నాన్న చూసి తిట్టలేదు. "అది ముందు కిందికి పెరుగుతుందిరా, పైకి కాదు. నువ్వు కదిపితే చస్తుంది" అన్నాడు.

నిజమే పిల్లలూ. టెంక మొలకెత్తితే మొదట ఆకాశం వైపు చూడదు. ఒక గొట్టంలాంటిది భూమిలోకి దిగుతుంది. టెంకలో దాచిన తిండి అంతా దాని గుండా కిందికి దిగి తేగ అవుతుంది. పైన నేల చదునుగా, ఏమీ జరగనట్టే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు తవ్వితే అడుగు పొడవున తెల్లటి తేగ! కాల్చి నిలువునా చీలిస్తే మధ్యలో లేత మొవ్వ. దాన్నే మనం చందమామ అంటాం. రేపటి తాటిచెట్టు అదే. పారేసిన టెంకకూ ఈ చందమామకూ పోలికేముంది?

పూర్వం కొరింథు పట్టణంలో కూడా ఎవరో బుజ్జిలాగే అడిగారు, చచ్చినవాళ్ళు ఎలాంటి శరీరంతో వస్తారని. యేసుప్రభువును ప్రకటించిన పౌలు వాళ్ళకు రాసిన ఉత్తరంలో గింజ సంగతే చెప్పాడు. నువ్వు విత్తేది వట్టి గింజనే, పుట్టబోయే శరీరాన్ని కాదు అన్నాడు.

నా నమ్మకమూ తేగలాగే కిందికే పెరిగింది. ఒక్కరాత్రిలో వెలుగేమీ రాలేదు. పెద్దయ్యాక సువార్తలు, అంటే బైబిల్లో యేసుప్రభువు జీవితం చెప్పే పుస్తకాలు, నెమ్మదిగా చదివాను. స్త్రీలు వచ్చి ఆయన సమాధి ఖాళీగా ఉందని చెబితే ఆయన ముఖ్య శిష్యులైన అపొస్తలులకే అవి వెఱ్ఱిమాటల్లా అనిపించాయట. మగ్దలేనే మరియ ఎదురుగా ఉన్న ప్రభువును తోటమాలి అనుకుంది. ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు ఆయనతోనే నడిచారు, రొట్టె విరిచేదాకా గుర్తుపట్టలేదు. తోమా అనే శిష్యుడు నమ్మడానికి ఎనిమిది రోజులు పట్టింది. గలిలయ కొండ మీద ఆయన్ని చూస్తూ కూడా కొందరు సందేహించారని మత్తయి రాశాడు. కథ అల్లేవాడు తనవాళ్ళ సందేహాలన్నీ ఇలా రాసి పెట్టుకుంటాడా? అక్కడే నాకు కొంచెం కొంచెంగా ధైర్యం వచ్చింది. సందేహించిన వాళ్ళను ఆయన తరిమేయలేదు. తోమాను దగ్గరికి పిలిచి గాయాలు చూపించాడు. అందుకే అడగడానికి ఎప్పుడూ భయపడకండి.

నాయనమ్మను మట్టి చేసిన రోజు అందరితోపాటు విశ్వాస ప్రమాణం చెప్పాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది, ఆ మాట దగ్గర ఆగలేదని. ఎప్పటినుంచి చెబుతున్నానో నాకే తెలియదు.

ఒక్క సంగతి. టెంకలో ప్రాణం ముందే ఉంది, అది తన స్వభావం కొద్దీ మొలుస్తుంది. యేసుప్రభువు నిజంగా చనిపోయాడు, దేవుడు ఆయన్ని లేపాడు. తేగ నాకు అంతవరకూ చెప్పలేదు, చెప్పే శక్తీ దానికి లేదు. ఆ ఆదివారం తెల్లవారకముందు రాతి సమాధిలో ఏం జరిగిందో ఒక్కరూ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నిన్న సాయంత్రం పాతర పెట్టాను. తూర్పు మూల రెండు టెంకలు మీ ఇద్దరివి, పుల్ల గుచ్చి ఉంచాను. సంక్రాంతి సెలవులకు రండి, మనమే తవ్వుదాం. దసరాకి వస్తే మాత్రం వాటి జోలికి వెళ్ళకండి.

మీ తాతయ్య