పాలు తాగే కుక్కపిల్లకు నట్టలేంటి అంటారా?

ఇటు మా పాతపట్నం పల్లెల నుంచి, అటు పర్లాకిమిడి నుంచి కుక్కపిల్లల్ని పట్టుకొచ్చే మనవాళ్లు చాలామంది ఒకటే మాట అంటారు: "పాలు తాగే గుంటకి నట్టలేటి బాబూ? మూడు నెలలు నిండనీ, అప్పుడేద్దాం నట్టల మందు." పశువైద్యంలో నేను పదేపదే వినేది, విన్న ప్రతిసారీ మనసు కలుక్కుమనేది ఈ మాటకే.

పోయిన వానాకాలం ఒక ముసలమ్మ పర్లాకిమిడి నుంచి ఆటోలో వచ్చింది. తువ్వాలులో చుట్టిన పిల్లకు నెలా ఐదు రోజులు. ఆ ఈతలో ఐదు పుడితే నాలుగు పోయాయట. "బొద్దుగానే ఉంది కదా అనుకున్నాం" అంది. పొట్ట డప్పులా బిగిసి ఉంది, వెన్ను మాత్రం పూసపూసా వేలికి తగులుతోంది. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. బల్ల మీదే వాంతి చేసుకుంది. పాలతో పాటు ఉడికిన సేమ్యాలాంటి ఏలికపాములు చుట్టలు చుట్టలుగా పడ్డాయి. ఆ రాత్రి దాటలేదు. ఆవిడ తప్పేం లేదు, ముందే చెప్పినవాళ్లే లేరు.

అసలు జరిగేది ఇదీ. తల్లి కండరాల్లో నిద్రపోతున్న ఏలికపాము లార్వాలు (పిల్ల పురుగులు), అది చూలుతో ఉన్నప్పుడు లేచి, మాయ గుండా కడుపులోని పిల్లల్లోకి వెళ్తాయి. పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగులు పాలతో దిగుతాయి. అంటే పిల్ల పుట్టేటప్పటికే పురుగు లోపలుంటుంది. అందుకే నట్టల మందు మొదటి డోసు రెండు వారాలకే. తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు, ఆపైన ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. తల్లికీ పిల్లలతో పాటే వేయాలి.

"ఒకసారి వేశాం, పురుగులు పడ్డాయి, అయిపోయింది" అనీ అనుకోవద్దు. మామూలుగా వాడే నట్టల మందు, పైరాంటెల్ సిరప్, పేగుల్లో ఉన్నవాటినే చంపుతుంది. ఊపిరితిత్తుల్లో తిరిగే లార్వాలు తర్వాత పేగులోకి దిగుతాయి. మందు వేశాక పురుగులు కనపడకపోయినా టెన్షన్ పడకండి, మందు పనిచేయలేదని కాదు.

ఇంట్లో వేసుకోవచ్చా? హుషారుగా ఉండి, పాలు బాగా తాగే పిల్లకైతే వేసుకోవచ్చు. కానీ బరువు అంచనా వేయొద్దు, కిరాణా కొట్టు కాటా మీద తూయండి. డోసు డాక్టరుతో రాయించుకుని, సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టండి. తల పైకెత్తి గొంతులో పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆవుల బిళ్లలో పావు ముక్క, మనుషుల మాత్రలో సగం... వద్దు. వెల్లుల్లి అసలే వద్దు. కొంకిపురుగులు రక్తం పీల్చేస్తున్న పిల్లలో అది ఉన్న ఎర్రకణాల్నీ దెబ్బతీస్తుంది.

చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లకు ఈ పురుగులు తమకూ అంటుకుంటాయేమోనని భయం ఎక్కువ, అర్థం చేసుకోగలను. ఏలికపాము గుడ్లు బయటపడ్డాక మనకు అంటుకునే స్థితికి రావడానికి రెండు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. కాబట్టి మలం ఏ రోజుకారోజు ఎత్తేయండి, మట్టిలో ఆడిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. కుక్కపిల్లను వీధిలో వదిలేయక్కర్లేదు.

నెత్తురు విరేచనాలూ వాంతులూ మొదలైతే మాత్రం నట్టల మందు ముట్టుకోకండి. అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా తీసుకురండి.