ఒకే ఏడాది మొదలై, ముప్పై ఏళ్లకు కలిసిన రెండు దారులు

పరకాల రోడ్డు పక్కన నారుమళ్లు చూసినవాళ్లకు ఈ సంగతి సగం తెలిసినట్టే. పలుచగా పోసిన నారు పక్కలకు పరుచుకుంటుంది. ఒత్తుగా పోస్తే సన్నగా, పొడుగ్గా పైకే సాగుతుంది. గట్టి ఉపరితలానికి ఒక కొనతో అతుక్కుని ఒత్తుగా ఉన్న పాలిమర్ గొలుసులూ (చిన్న అణువులు వరుసగా కలిసి ఏర్పడే పొడవాటి అణువులు) అంతే. వాటిని పాలిమర్ బ్రష్‌లంటారు. ఇవి ఎంత ఎత్తు సాగుతాయన్న లెక్క కట్టింది భౌతిక శాస్త్రవేత్తలు, 1977లో ష్లోమో అలెగ్జాండర్, 1980లో డి జెన్. బాగా కరిగించే ద్రవంలో (మంచి ద్రావణిలో) విడిగా తిరిగే గొలుసు ఉండలా చుట్టుకుంటుంది; దాని పొడవు రెట్టింపైతే ఆ ఉండ సైజు ఒకటిన్నర రెట్లే అవుతుంది. బ్రష్‌లో మాత్రం ఎత్తు కూడా రెట్టింపవుతుంది.

అదే 1977లో శాస్త్రవేత్తలు షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ పాలీఎసిటిలీన్ అనే పాలిమర్ పొరకు అయోడిన్ పట్టించి, దాని విద్యుద్వాహకతను కోటి రెట్ల దాకా పెంచారు. 2000లో నోబెల్ అందుకున్నారు. ఏకబంధం, ద్విబంధం ఒకటి విడిచి ఒకటి వచ్చే ఇలాంటి గొలుసులే కాంజుగేటెడ్ పాలిమర్లు. వీటిలో విద్యుదావేశం గొలుసు వెంట సులువుగా పోతుంది, పక్క గొలుసు మీదికి దూకడమే కష్టం. సోలార్ సెల్‌లో అది కింది నుంచి పైకి చేరాలి. మామూలుగా పూసిన పొరలో గొలుసులు చాలావరకు పడుకునే ఉంటాయి. బ్రష్‌లో లాగా నిలబెడితే దారి సూటిగా ఉంటుంది.

మరి నిలబెట్టడానికి ముప్పై ఏళ్లెందుకు పట్టింది? హనుమకొండలో ఎమ్మెస్సీ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు మన పొలంలోనే ఉంది. నాటు వేసినట్టు, ముందే తయారైన గొలుసులను తెచ్చి అతికించవచ్చు. కానీ మొదట అతుక్కున్నవి తర్వాతి వాటికి అడ్డం పడతాయి, మడి పలుచబడుతుంది. వెదజల్లినట్టు, ఉపరితలం మీదే బీజం పెట్టి అక్కడి నుంచే పెంచితే ఒత్తుగా వస్తుంది. చిక్కల్లా కాంజుగేటెడ్ పాలిమర్ల రసాయనంలోనే ఉంది. వాటిని తయారుచేసే చర్యల్లో ముక్కలు ద్రావణంలో ఎక్కడపడితే అక్కడ ఒకదానికొకటి అతుక్కునేవి. బీజం పెట్టినా లాభం లేకపోయేది.

2004లో జపాన్‌లో యోకోజావా, అమెరికాలో మెక్‌కల్లా బృందాలు ఆ ముడి విప్పాయి. నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు ఇదే. పాలీథయోఫీన్ అనే కాంజుగేటెడ్ పాలిమర్ తయారీలో నికెల్ ఉత్ప్రేరకం ఒక్కో థయోఫీన్ వలయాన్ని (గొలుసులో ఒక్కో కడియాన్ని) కలిపాక గొలుసును విడిచిపోకుండా, కొత్త కొనకు జరిగి అక్కడే కూర్చుంటుందని తేల్చారు. అంటే గొలుసు ఒక చివర నుంచే వరుసగా పెరుగుతుంది. 2007లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో కిరియ్ బృందం బ్రోమోస్టైరీన్ పాలిమర్ పూత మీద నికెల్‌ను నిలిపి, అక్కడి నుంచే పాలీథయోఫీన్ బ్రష్‌లు పెంచింది.

కష్టాలు తీరలేదు. నికెల్ మధ్యలో జారిపోతే ఆ గొలుసు అక్కడితో ఆగుతుంది. కొంచెం తేమ తగిలినా మోనోమర్ (గొలుసుకు కలిసే చిన్న అణువు) చచ్చిపోతుంది. అందుకే నాటుకోని గొలుసులు కొట్టుకుపోయేలా ఏ పొరనైనా ముందు కడిగి చూడాలి. పాలీథయోఫీన్లలో ఒకటైన పాలీహెక్సైల్‌థయోఫీన్ క్లోరోఫామ్‌లో ఇట్టే కరుగుతుంది కాబట్టి, బాగా కడిగాక కూడా మిగిలిందే నాటుకున్నది. ఆ తర్వాతే ఎలిప్సోమెట్రీతో (కాంతి పరావర్తనంతో కొలిచే పద్ధతి) మందం, ఏఎఫ్ఎంతో (సన్నని సూది మొనతో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని) పైరూపం, ధ్రువిత కాంతితో (ఒకే దిశలో కంపించే కాంతి) గొలుసుల వాలు చూడాలి.