వడ్ల తేమ, పదో తరగతి పరీక్ష

చిరంజీవులైన పిల్లలకు,

నల్లగొండ నుంచి మీ పాత లెక్కల సారు ఆశీర్వదించి రాయునది. బడిలో ఇన్ని పరీక్షలు పెడుతుండగా పదో తరగతిలో రాష్ట్రమంతటికీ మళ్లీ ఒకే పబ్లిక్ పరీక్ష ఎందుకని మీలో ఒకరు మొన్న అడిగారు.

యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరినప్పుడు మీ నాయన గింజను పంటి కింద కొరికి ఎండిందనే అంటాడు. అయినా తేమ మిషన్ 17 శాతం దాటి చూపిస్తే కాంట పెట్టరు. ఆ అంకె వడ్లను తప్పు పట్టదు, ఇంకా రెండెండలు తగలాలని చెబుతుంది.

బడి పరీక్ష పంటితో చూసిన గింజ వంటిది, ఎందుకంటే చెప్పేదీ మేమే, అడిగేదీ మేమే, దిద్దేదీ మేమే. ఒక ఏడు నా పిల్లలందరూ ప్రీ ఫైనల్‌లో గట్టెక్కి, పబ్లిక్ పరీక్షలో మాత్రం తొమ్మిది మంది లెక్కల్లో తప్పారు. వారిని కూర్చోబెట్టి రాయించి చూస్తే, త్రికోణమితి సూత్రాలు అందరికీ నోటికి వచ్చు గానీ, నీడను బట్టి స్తంభం ఎత్తు కనుక్కోమంటే ఒక్కరికీ పటం గీయడం రాలేదు. నా ప్రశ్నపత్రంలో అటువంటి లెక్క నేను ఎన్నడూ ఇవ్వలేదు కనుక ఆ లోపం నాకే తెలియలేదు. మరుసటి ఏడు ఆ పాఠం జెండా కర్ర కింద నిలబడి, నీడను టేపుతో కొలిపిస్తూ చెప్పాను.

ఇక న్యాయం సంగతి. మీ జవాబులు దిద్దే సారుకు మీ పేరు, ఊరు, బడి తెలియవు. దేవరకొండ తండా పిల్లకూ హైదరాబాద్ పిల్లకూ కొలత ఒకటే. కరోనా వల్ల 2021లో పరీక్షలు రద్దయి, బడులు వేసిన మార్కులతోనే ఫలితాలు ఇచ్చినప్పుడు రెండు లక్షలకు పైగా పిల్లలకు 10 జీపీఏ, అంటే అన్నిటికన్నా పై గ్రేడు వచ్చింది. పదో తరగతి ఫలితాన్ని బట్టి సీట్లిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ ఆ ఏడాది పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ ర్యాంకును ఆశ్రయించవలసి వచ్చింది. లేకుంటే చేతికి ఎముక లేనట్లు మార్కులు వేసిన బడి పిల్లలే ముందు నిలిచేవారు. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకోవడానికి ఈ పరీక్ష పెట్టలేదు, ఆ అలవాటు నాకు ఎన్నడూ నచ్చలేదు.

పటం గీసి చేయవలసిన లెక్కలు పది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆదివారం పొద్దున చేసి తెచ్చి చూపించండి.

మీ
లెక్కల సారు