ఫహ్రెల్‌నిసా జైద్: అపోహలు - వాస్తవాలు

నేను బొమ్మలు వేస్తాను, నేర్పుతాను. నైరూప్య చిత్రకళ (వస్తువులను ఉన్నవి ఉన్నట్టు చూపకుండా రంగులు, గీతలతోనే సాగే చిత్రకళ) గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా టర్కీ చిత్రకారిణి ఫహ్రెల్‌నిసా జైద్ (1901-1991) పనిని చూపిస్తాను. ఆమె పేరు ముందే విన్నవారు అడిగేది మాత్రం రాజకుటుంబం గురించే. ఆమె జీవితం నవలను మించినదే, కాదనను. కానీ ఆ కథ చిత్రాలకు అడ్డంగా నిలబడుతోందన్నదే నా బాధ.

అపోహ: ఆవిడ యువరాణి, కాలక్షేపానికి కుంచె పట్టారు.

వాస్తవం: తేదీలు చూడండి. ఇస్తాంబుల్‌లో ఆడపిల్లల కోసం పెట్టిన లలితకళల పాఠశాలలో ఆమె 1919లో చేరారు. 1928లో పారిస్ వెళ్లి రాన్సన్ అకాడమీ అనే కళాపాఠశాలలో చిత్రకారుడు రోజే బిసియేర్ దగ్గర నేర్చుకున్నారు. అప్పట్లో ఇరాక్‌ను ఏలుతున్న హాషిమైట్ వంశానికి చెందిన జైద్ బిన్ హుసేన్‌తో పెళ్లి జరిగింది 1934లో. బిరుదు వచ్చేనాటికే పదిహేనేళ్ల సాధన ఉంది. తొలి సొంత ప్రదర్శన 1945లో, ఇస్తాంబుల్‌ మాచ్కాలోని తన ఇంట్లోనే. చెల్లెలు అలియే బెర్గర్ లోహపు ఫలకాల మీద చెక్కి ముద్రించే కళాకారిణి, మేనకోడలు ఫురెయా కోరల్ సెరామిక్ కళాకారిణి, కొడుకు నెజాద్ దెవ్రిమ్ చిత్రకారుడు. కళను కాలక్షేపంగా చూసే ఇల్లు కాదది. హోదా ఆమెకు పెద్ద గదినీ పెద్ద కాన్వాసునూ ఇచ్చి ఉండవచ్చు. గీతలు గీసింది ఆమె చెయ్యే.

అపోహ: ఆమె నైరూప్య చిత్రాలు ఇస్లామిక్ అలంకరణకూ బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య కాలపు) మొజాయిక్‌కూ, అంటే రంగు ముక్కలు అతికి చేసే బొమ్మలకూ కొనసాగింపు.

వాస్తవం: నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇది. తూర్పు నుంచి వచ్చిన చిత్రకారిణి కాబట్టి ఆమె చేతిలో పుట్టినదంతా వారసత్వంగా దక్కిందే అనేయడం సులువు. ఆమె పెరిగిన ఇస్తాంబుల్‌లో ఆ మొజాయిక్‌లు ఉన్న మాట నిజమే. అయితే ‘నా నరకం’ అనే 1951 నాటి చిత్రాన్ని తీసుకోండి. ఎత్తు 205 సెంటీమీటర్లు, పొడవు 528. ఇస్తాంబుల్ మోడర్న్ మ్యూజియంలో ఉంది. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు ముక్కలు గాజు పగిలినట్టు కాన్వాసంతా కమ్ముకుంటాయి. ఇస్లామిక్ రేఖాగణిత అలంకరణకు వృత్తలేఖిని, కొలబద్ద, ఒక మూల రూపం కావాలి. ఆ రూపం మళ్లీ మళ్లీ రావడంలోనే దాని అందం. ఇక్కడ ఒక ముక్క ఇంకో ముక్కకు నకలు కాదు. చేత్తో లాగిన గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే మిగిలిన గళ్లు ఇవి. ఒక్కో గడి రంగు పక్క గడిని వెనక్కి నెడుతుంది, లేదా ముందుకు లాగుతుంది. ఐదు మీటర్ల మేర ఆ లాగుడు సడలకుండా నిలబెట్టడం ఎంత కష్టమో రంగులతో పనిచేసేవారికి తెలుస్తుంది. ఇలాంటిది ఎవరైనా వేయగలరు అనేవారికీ నా జవాబు ఈ చిత్రమే.

ఆమె ఇక్కడికి ఒక్క గంతులో రాలేదు కూడా. 1948లో వేసిన ‘లాక్ లోమండ్’లో స్కాట్లండ్ సరస్సు మీది పడవలు, మనుషులు ఇంకా పోల్చుకునేలా ఉంటారు. బొమ్మంతా అప్పటికే ముక్కలుగా విడిపోతూ ఉంటుంది. విమానంలోంచి నేలను చూడటం తన చూపును మార్చిందని ఆమె స్వయంగా చెప్పారు. యుద్ధం తర్వాతి పారిస్‌లో విమర్శకుడు షార్ల్ ఎస్తియెన్ చుట్టూ చేరిన నైరూప్య చిత్రకారుల మధ్యే ఆమె ప్రదర్శనలు సాగాయి. ఆ కాలపు చర్చల్లో ఆమె కూడా ఒక గొంతు.

అపోహ: 1958తో ఆమె కళ ఆగిపోయింది.

వాస్తవం: ఆ ఏడాది జులై 14న బాగ్దాద్‌లో సైనిక తిరుగుబాటు జరిగింది, రాజకుటుంబాన్ని చంపేశారు. భర్త అప్పటికి లండన్‌లో ఇరాక్ రాయబారి. దంపతులిద్దరూ బాగ్దాద్‌లో కాక, సెలవుల కోసం ఇటలీలోని ఇస్కియా దీవిలో ఉండబట్టి బతికారు. రాయబార భవనం వదిలి లండన్‌లోనే ఒక ఫ్లాట్‌కు మారారు. యాభై ఏడేళ్ల వయసులో ఆమె జీవితంలో మొదటిసారి వంట చేశారు. వండిన కోడి ఎముకలను పారేయకుండా వాటికి రంగులు వేయడం మొదలుపెట్టారు. తర్వాత వాటిని రంగు రెజిన్‌లో (గట్టిపడ్డాక గాజులా ఉండే జిగురు పదార్థంలో) పోత పోశారు. ‘పాలియోక్రిస్టలోస్’ అని పేరు పెట్టిన ఆ శిల్పాల్లోంచి వెలుతురు సాగిపోతుంది. కాన్వాసు మీద రంగు వెలుతురును తిప్పికొడుతుంది, రెజిన్‌లో రంగు దాన్ని లోపలికి రానిస్తుంది. కొత్త సాధనంతో ఆమె పాత సమస్యనే మళ్లీ పట్టుకున్నారని నేననుకుంటాను.

చివరి దశలో ముఖచిత్రాలు వేయడాన్ని వెనకడుగు అనేవారూ ఉన్నారు. అమ్మమ్మ బొమ్మను ఆమె నీటి రంగుల్లో వేసింది 1915లోనే. ముఖం ఆమెకు మొదటి నుంచీ ఉన్నదే. ఆ పెద్ద పెద్ద కళ్ల చుట్టూ తిరిగే దృఢమైన గీతను నైరూప్య చిత్రాల గీత పక్కన పెట్టి చూడండి, ఒకే చెయ్యని తెలిసిపోతుంది.

అపోహ: 2017లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం ప్రదర్శనతోనే ఆమె వెలుగులోకి వచ్చారు.

వాస్తవం: లండన్‌లోనే సమకాలీన కళా సంస్థ 1954లో ఆమె చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. అంతకుముందు 1950లో న్యూయార్క్ హ్యూగో గ్యాలరీలో ప్రదర్శించారు. భర్త పోయాక 1975లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో స్థిరపడి, మరుసటి ఏడాది తన పేరుతో కళా సంస్థ స్థాపించి అక్కడి ఆడవాళ్లకు చిత్రకళ నేర్పారు. 1981లో ఆ శిష్యురాళ్లతో కలిసి ప్రదర్శన పెట్టారు. వారికి ఆమె గురించి ఏ మ్యూజియమూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.