మూడు రబ్బరు పైపుల మీద సుంకి ఘాట్

ఒడిశాలోని కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎత్తుకున్న పికప్ సాలూరు చేరాలంటే పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగాలి. కొరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. సాలూరు వందకి కాస్త పైన. మధ్యలో ఎక్కిదిగే మిట్టల్ని వదిలేసి, నికరంగా 700 మీటర్లు దిగుతుందనుకుందాం. సరుకుతో కలిపి బండి బరువు 3 టన్నులు. అంత బరువు అంత ఎత్తు నుంచి కిందికొచ్చేసరికి 2 కోట్ల జౌల్స్ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. అంటే 60 లీటర్ల నీళ్లని మరగబెట్టేంత వేడి. రెండో గేరులో దిగే డ్రైవరుకి ఇందులో మంచి వాటా ఇంజనే భరిస్తుంది. న్యూట్రల్‌లో వదిలి డీజిల్ మిగిలిందని మురిసిపోయేవాడికి దాదాపు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది.

బ్రేకులనగానే అందరూ ప్యాడ్లు, లైనర్లు చూస్తారు. హోస్ పైపుల్ని ఎవరూ పట్టించుకోరు.

పెడల్ దగ్గర నుంచి చక్రాల దాకా బ్రేక్ ఆయిల్ వెళ్లేది చాలామటుకు స్టీలు గొట్టాల్లోనే. కానీ ముందు చక్రాలు పక్కలకి తిరుగుతాయి, వెనక యాక్సిల్ గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. స్టీలు గొట్టం అలా వంగితే కొన్నాళ్లకి విరిగిపోతుంది. అందుకే ఆ చివరి అడుగో అడుగున్నరో రబ్బరు పైపు పెడతారు. హోస్ అనేది దీన్నే. చాలా పికప్‌లలో ముందు చక్రానికి ఒకటి చొప్పున రెండు, వెనక ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి ఒకటి, మొత్తం మూడు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని బండి చక్రాల దాకా తెచ్చి 1917లో పేటెంటు తీసుకున్నవాడు మాల్కం లాక్‌హీడ్.

ఒత్తిడి ఎంతో ఒక లెక్క వేద్దాం. కాలితో 20 కిలోల బలం పెట్టారు. పెడల్ మీటలాగా పనిచేసి దాన్ని నాలుగు రెట్లు చేస్తుంది, పెడల్ బలాన్ని ఇంకా పెంచే బూస్టరు మరో మూడు రెట్లు. 240 కిలోలయింది. ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో పిస్టను వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లనుకుంటే చదరపు సెంటీమీటరుకి 48 కిలోలు. ఇదే బండి టైరులో గాలి నాలుగు కిలోల చిల్లర. మామూలుగా తొక్కితేనే ఇంత. ఎదురుగా ఆవు అడ్డొస్తే కాలు 20 కిలోల దగ్గర ఆగదు కదా!

ఈ ఒత్తిడిని ఆపేది పైకి కనిపించే నల్ల రబ్బరు కాదు. లోపల ఆయిల్‌ని తాకే సన్నటి రబ్బరు గొట్టం, దాని చుట్టూ గట్టి దారంతో అల్లిన రెండు వరసలు, ఆపైన ఎండకీ రాళ్లకీ కాపుగా ఇంకో పొర ఉంటాయి. బలమంతా ఆ అల్లికదే. ఆయిల్ పోయే రంధ్రం మాత్రం మూడు మిల్లీమీటర్లకి అటూఇటూ. అమెరికా ప్రమాణంలో ఈ పైపుని లోపల ఒత్తిడి ఉంచి 35 గంటలు ఆపకుండా వంచుతూ తిప్పే పరీక్ష ఉంది. మన దేశంలో దీనికి ఐఎస్ 7079 అనే భారతీయ ప్రమాణం ఉంది. సంతలో సగం ధరకి దొరికే ముద్రలేని పైపు ఏ పరీక్ష పాసైందో అమ్మేవాడికీ తెలియదు.

బయటి పగుళ్లు చూడటం తేలిక. స్టీరింగ్ ఒక చివరికి తిప్పి, టార్చిలైటు వేసి, పైపుని వేళ్లతో కాస్త వంచి చూస్తే ఎండా ఓజోనూ తినేసిన రబ్బరు అడ్డంగా చీలి కనిపిస్తుంది. లోపలి దారం కనిపిస్తే ఇక బేరం లేదు, మార్చాల్సిందే. టైరుకో కమాన్ (బండి బరువు మోసే స్ప్రింగు) పట్టీకో రాసుకుని ఒకవైపు నునుపెక్కిందేమో చూడాలి. చివర్న ఇనుపముక్కతో నొక్కి బిగించిన చోట తడి, దాని మీద పేరుకున్న దుమ్ము ఉంటే ఆయిల్ చెమ్మగిల్లుతున్నట్టే. తర్వాత ఒకరు ఇంజను ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పైపులు చూడాలి. ఎక్కడైనా బుడగలా ఉబ్బితే లోపల అల్లిక తెగింది. ఆ బండి ఆ పూట ఘాట్ దిగకూడదు.

అసలు చిక్కు లోపల వస్తుంది. పైన పటారం లోన లొటారం అనేది ఈ పైపుకి సరిగ్గా సరిపోతుంది. బ్రేక్ కొట్టగానే బండి ఒకవైపు లాగుతోందనీ, ప్యాడ్లు ఒకపక్కే అరుగుతున్నాయనీ వచ్చిన బండి నుంచి తీసిన పైపుని బ్లేడుతో నిలువునా కోసి చూడండి. పైన గీత కూడా ఉండదు. లోపలి గొట్టం మాత్రం ఉబ్బి, ఒకచోట చీలి, గోరంత రేకు లేచి దారికి అడ్డంగా వాలి ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి ఆ రేకుని తోసుకుని పోతుంది. కాలు తీశాక ఆయిల్ వెనక్కి రావాలంటే దాన్ని నెట్టే బలం చాలా తక్కువ, క్యాలిపర్‌లో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) వంగిన సీలు తిరిగి సర్దుకునేంతే. రేకు మూసుకుపోతుంది, ప్యాడు డిస్కుని పట్టుకునే ఉంటుంది. మెకానిక్ క్యాలిపర్ పట్టేసిందని విప్పి శుభ్రం చేస్తాడు, నాలుగు రోజులకి మళ్లీ అదే కథ. నమ్మకమైన గుర్తు ఒకటుంది. చదును రోడ్డు మీద కాస్త దూరం పోయి ఆగి, రిమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి (ముట్టుకోవద్దు, కాలుతుంది). ఒక చక్రమే సెగలు కక్కుతుంటే, దాని బ్లీడర్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేయగానే చక్రం ఫ్రీ అయితే, అనుమానం హోస్ మీదికే వెళ్లాలి.

ఈ చీలికలు సగం మనం చేసుకునేవే. ప్యాడ్లు మార్చేటప్పుడు విప్పిన క్యాలిపర్‌ని హోస్‌కే వేలాడదీస్తారు. కిలోల బరువు ఆ సన్నటి లోపలి గొట్టం మీద పడుతుంది. ఒక తీగతో కమానుకి కట్టడానికి అర నిమిషం పట్టదు. ఆయిల్ కారకుండా పైపుని ప్లయర్‌తో నొక్కిపట్టడం ఇంకో చెడ్డ అలవాటు. మన వైపు మరొకటి ఉంది. ఎక్కువ సరుకు కోసం కమాన్‌కి అదనపు పట్టీలు వేయించి బండి వెనక లేపుతారు గానీ, వెనక హోస్ పాత పొడవులోనే ఉంటుంది. గుంతలో యాక్సిల్ కిందికి జారినప్పుడల్లా అది బిగుసుకుంటుంది. పట్టీలు వేసే చోటే జాకీ మీద ఛాసిస్ లేపి, యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు పైపులో ఇంకా వదులుందో లేదో చూడమనండి.

బ్రేక్ ఆయిల్ గురించి ఒక మాట. ఇది గ్లైకాల్ జాతి ద్రవం, గాల్లో తేమని పీల్చుకుంటుంది. రబ్బరు పైపు గోడ గుండా కూడా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్ మధ్యలో మరిగిందా, ఆవిరి నలుగుతుందే తప్ప ఒత్తిడి పుట్టదు, పెడల్ నేలకి తాకుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చడం మంచిది. అత్యవసరమని ఇంజను ఆయిలో స్టీరింగ్ ఆయిలో పోశారంటే, ఈ పైపుల రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది. సీళ్లూ అంతే. ఆ తర్వాత రబ్బరు సామానంతా మార్చాలి.

హోస్ మార్చితే ముందువి రెండూ జతగా మార్చండి, క్యాలిపర్ బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేయండి. పైపు మీద నిలువుగా గీత ఉంటే, బిగించాక అది మెలితిరగకుండా తిన్నగా ఉండాలి. గొట్టాల్లో చేరిన గాలి తీశాక మొదటి పరీక్ష షెడ్డు ముందు చదునులో, నడకంత వేగంతో చేయాలి. విప్పిన పాత పైపుని అక్కడికక్కడే రెండు ముక్కలుగా నరికేయండి. చూడ్డానికి బాగానే ఉంది కదా అని దాన్ని ఇంకెవరి బండికో వేసే మెకానిక్‌లకి కొదవ లేదు.