పెడల్ మెత్తబడితే కారణం గాలేనా?

బ్రేకులు బాగు చేయించి కారు బయటికి తీయగానే పెడల్ స్పాంజిలా లోపలికి పోతోందనుకోండి. షెడ్డులో వినపడే జవాబులు మామూలుగా రెండే. "ఎయిర్ ఉంది సార్, మళ్లీ తీద్దాం" అనేది ఒకటి, అంటే బ్రేక్ ఆయిల్ పైపుల్లో గాలి చిక్కుకుందని. "కొత్త ప్యాడ్లు కదా, నాలుగు రోజులు తిరిగితే అదే సెట్ అవుతుంది" అనేది ఇంకొకటి. రెండూ ఒక్కోసారి నిజమే. కానీ పెడల్ మెత్తగా ఉందని మనం చెప్పేదాంట్లో కనీసం మూడు రకాల జబ్బులున్నాయి. వాటిలో ఏదో తేల్చుకోకుండా మూడోసారి, నాలుగోసారి ఎయిర్ తీయించడం వల్ల ఆయిల్ డబ్బాలు ఖాళీ కావడమే మిగులుతుంది.

ముందు గాలి సంగతే చూద్దాం. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందుకు జరిగి బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. 1921లో అమెరికాలో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాల బ్రేకులూ ఈ సూత్రం మీదే నడిచాయి. మన వీధిలో నిలబెట్టిన చిన్న కారుదీ అదే పద్ధతి. ద్రవం దాదాపు నలగదు కాబట్టే ఇదంతా సాధ్యం. 70 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఒత్తిడిలో కూడా బ్రేక్ ఆయిల్ పరిమాణం అర శాతమైనా తగ్గదు. అదే గాలి అయితే 10 బార్లకే పదకొండో వంతుకు కుంచించుకుపోతుంది.

ఒక చిన్న లెక్క. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 3.14 చదరపు సెంటీమీటర్లు. పైపుల్లో ఎక్కడో ఒక్క సీసీ గాలి ఉందనుకుందాం. దాన్ని నలపడానికే పిస్టన్ దాదాపు 3 మిల్లీమీటర్లు జరగాలి. పెడల్ మీటలా పనిచేస్తుంది కాబట్టి కాలి దగ్గర ఇది సుమారు నాలుగింతలవుతుంది. అంటే 12 మిల్లీమీటర్లు మన కాలు వృథాగా దిగుతుంది. ఆ తర్వాత ఎంత గట్టిగా తొక్కినా ఆ బుడగ ఇంక పెద్దగా నలగదు. అందుకే గాలి ఉన్న పెడల్ మొదట్లో స్ప్రింగులా ఆడి, లోపలికి పోయేకొద్దీ గట్టిపడుతుంది. వెంటవెంటనే నాలుగైదుసార్లు తొక్కితే కొంచెం పైకి కూడా వస్తుంది.

రెండో రకం ఇలా ఉండదు. కాలు ఏ అడ్డూ లేకుండా సగం దాకా జారిపోయి, అక్కడ గోడకు తగిలినట్టు ఠక్కున ఆగుతుంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా దొరుకుతుంది. ఇందులో గాలి ప్రమేయం లేదు. ఎక్కడో సందు ఎక్కువైంది, అంతే. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్క్ (రెండు వైపులా ప్యాడ్లు నొక్కే పళ్లెం), వెనక చక్రాలకు డ్రమ్ (లోపలి నుంచి షూలు ఆనే గిన్నె) ఉంటాయి. వెనక షూలు కొత్తవి వేసి, వాటి సందు సరిచేసే అడ్జస్టర్‌ను వదులుగా వదిలేస్తే, అవి డ్రమ్ము దాకా వెళ్లడానికే బోలెడు ఆయిల్ ఖర్చవుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. బండి ఆగి ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి పెడల్ తొక్కండి. హ్యాండ్ బ్రేక్ వెనక షూలను డ్రమ్ముకు ఆనిస్తుంది. పెడల్ పైకి వచ్చి గట్టిపడిందంటే వెనక షూల సందు సరిచేయాలి. అరిగి గాడులు పడిన పాత డిస్కు మీద కొత్త ప్యాడ్లు వేసినప్పుడు మాత్రం, ప్యాడ్ డిస్కుకు మొత్తంగా తగలకపోవడంతో కొంచెం వంగుతుంది. అచ్చం గాలి ఉన్నట్టే అనిపిస్తుంది. "తిరిగితే సెట్ అవుతుంది" అన్న మాట నిజమయ్యేది ఇక్కడే.

మూడో రకంలో పెడల్ మొదట బాగానే ఉంటుంది. కాలు అలాగే ఆనించి ఉంచితే మెల్లగా, నూనెలో దిగుతున్నట్టు కిందికి పోతుంది. ఇది ప్రమాదకరం, ఎన్ని రోజులు తిరిగినా సెట్ కాదు. బయట ఎక్కడైనా కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఆయిల్‌ను వెనక్కి వదులుతూ ఉండాలి. ట్యాంకులో ఆయిల్ తగ్గకుండా, చక్రాల దగ్గర తడి లేకుండా పెడల్ దిగుతోందంటే కారణం ఆ కప్పే. ఇక్కడ గట్టిగా తొక్కి చూస్తే మోసపోవచ్చు. ఒత్తిడి పెరిగేకొద్దీ కప్పు అంచు సిలిండర్ గోడకు ఇంకా అదుముకుని పట్టు చూపిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పటిలా తేలిగ్గా అర నిమిషం ఆనిస్తే అసలు రంగు బయటపడుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బును చాలాసార్లు ఎయిర్ తీసే పనే తెచ్చిపెడుతుంది. రోజూ బండి నడిపేటప్పుడు పిస్టన్ సిలిండర్‌లో కొంత దూరమే తిరుగుతుంది. మిగతా భాగంలో ఏళ్ల తరబడి తుప్పు, మడ్డి పేరుకుంటాయి. హెల్పర్ కుర్రాడు పెడల్‌ను నేల దాకా నొక్కినప్పుడు కప్పు ఆ గరుకు మీద రాసుకుని గీసుకుపోతుంది. పాత బండ్లకు పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి ఎయిర్ తీసే మెకానిక్‌ను నేను ఎక్కువ నమ్ముతాను.

నిజంగా గాలే ఉన్నా అది మొండిది. బ్రేక్ పైపు లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇంత సన్నటి నిలువు గొట్టంలో పొడుగాటి బుడగ తనంతట తాను పైకి తేలదని 1961లో బ్రెథర్టన్ అనే శాస్త్రవేత్త లెక్కకట్టి చూపించాడు. తలతన్యత దాన్ని గోడలకు పట్టి ఉంచుతుంది. నీటికైతే ఈ హద్దు సుమారు 5 మిల్లీమీటర్లు. కాబట్టి నిపిల్ (ఎయిర్ తీయడానికి చక్రం దగ్గర విప్పే చిన్న మర) వదిలేసి చుక్కలు కారుతుంటే చూస్తూ కూర్చోవడం కన్నా, ఆయిల్ జోరుగా పారేలా చేయడమే బుడగను తోసే మార్గం. పెడల్ వదిలే ముందు నిపిల్ బిగించాలి, ట్యాంకు మధ్యలో ఖాళీ కాకూడదు.

డిస్కు మీద ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో మాత్రం చోటు ఎక్కువ, అక్కడ గాలి పైకే చేరుతుంది. ఎడమ, కుడి కాలిపర్లు తారుమారై నిపిల్ కింది వైపుకు వస్తే తమాషాగా ఉంటుంది. ట్యూబులో తేటగా ఆయిల్ వస్తుంది, ఒక్క బుడగ కనపడదు, పెడల్ మాత్రం మెత్తగానే ఉంటుంది. నిపిల్ పైన ఉందో లేదో ఒక్కసారి వంగి చూస్తే తెలిసిపోతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి దూరితే చాలా బండ్లలో స్కానర్ పెట్టి దాని పంపును తిప్పితేగాని బయటికి రాదు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, తిరుమల ఘాట్ దిగుతుండగా పెడల్ మెత్తబడితే అది వేరే కథ. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీసం 155 డిగ్రీలే. వేడికి లోపల ఆవిరి బుడగలు పుడతాయి, చల్లారగానే మాయమవుతాయి. రిపేరుకు మూత తీసి ఎన్నాళ్లో అయిన డబ్బాలోని ఆయిల్ పోశారేమో అడగాలి.

ఈ పరీక్షలన్నీ ఇంజిన్ ఆపి, పెడల్ నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లోని (ఇంజిన్ వాక్యూమ్‌తో మన కాలి బలాన్ని పెంచే భాగం) వాక్యూమ్ పోగొట్టాక చేయాలి. కాలు ఆనించి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు, బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

ఇంకా తేలకపోతే రబ్బరు హోస్‌ల కోసమే చేసిన క్లాంపులతో వాటన్నిటినీ మూసి తొక్కి చూస్తారు. పెడల్ గట్టిగా నిలబడితే మాస్టర్ సిలిండర్ జోలికి పోనక్కర్లేదు. తర్వాత ఒక్కో క్లాంపు వదులుతూ పోవాలి. ఏది వదిలినప్పుడు పెడల్ జారిందో ఆ చక్రం విప్పితే చాలు.