కొండ నీటిని కాచేది రాలిన ఆకే

"శేషాచలమంతా మొక్కలు నాటితే కపిలతీర్థం ఏడాది పొడుగునా దూకుతుందా?" అని తిరుపతి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. నాటినంత మాత్రాన దూకదు. చెట్లు వానను పిలుస్తాయని బడిలో చెబుతుంటాం గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వాన బంగాళాఖాతంలోని అల్పపీడనాలు, వాయుగుండాలు తెచ్చేది. 2021 నవంబరులో తిరుమల ఘాట్ రోడ్లు మూయించిందీ అదే. చినుకు నేలను తాకాకే అడవికి అసలు పని మొదలవుతుంది. పిల్లలకు ముందు చెప్పాల్సింది ఈ సంగతే.

కొండ పైభాగం గట్టి రాయైన క్వార్ట్‌జైట్, అడుగున గ్రానైట్. క్వార్ట్‌జైట్ నీటిని పీల్చదు, కానీ నిండా పగుళ్లు. నీరు వాటిలోకి దిగి, పగుళ్లు తక్కువున్న పొర తగలగానే పక్కకు మళ్లి, లోయ అంచున ఊటగా బయటపడుతుంది. పగుళ్లలోకి దిగేదాకా ఆ నీటిని ఆపి ఉంచేది పైనున్న పలుచని మట్టే.

ఆ మట్టికి శత్రువు చినుకే. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. ఆ దెబ్బకు మట్టి గడ్డ చిట్లి, నలిగిన సన్నని రేణువులు రంధ్రాల్లో ఇరుక్కుని పైన పెచ్చు కడుతుంది. ఇక నీరు దిగదు, వాలు వెంట పరుగెడుతుంది. చెట్టు అడ్డుపడుతుంది కదా అనుకుంటాం. ఆకు కొసన నీరు పోగై, మామూలు చినుకు కన్నా పెద్ద బొట్టుగా జారుతుంది. కొమ్మ 8, 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద పడేసరికి దాదాపు పూర్తి వేగం అందుకుంటుంది. అంటే కింద ఊడ్చేసిన తోపులో నేలకు తగిలే దెబ్బ ఆరుబయట కన్నా ఎక్కువే కావచ్చు. దెబ్బను నిజంగా కాచేది రాలిన ఆకూ, బోద గడ్డీ. ఆ ఆకును తినే చెదలూ వానపాములూ చేసే బొరియలే నీటికి దారులు. ఎర్రచందనం, జాలారి చెట్లు ఎండాకాలానికి ఆకు రాల్చి తమ నీటి వాడకం తగ్గించుకుంటాయి, నేలనూ కప్పుతాయి. ఊటలు తడి ఆరనివ్వని రాతి చీలికల్లో బంగారు బల్లి బతుకుతుంది.

కందకాలు తవ్వితే చాలదా అంటారు. లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న కందకంలో 750 లీటర్లు పడతాయి. హెక్టారుకు 100 తవ్వితే 75,000 లీటర్లు, అంటే ఏడున్నర మిల్లీమీటర్ల వాన. అదే హెక్టారులో 30 సెంటీమీటర్ల మట్టి, అందులో ఐదో వంతు ఖాళీ ఉంటే 6 లక్షల లీటర్లు. కందకం మంచిదే, మట్టి దానికి ఎనిమిదింతలు.

మీ తోటలో పరీక్షించవచ్చు. 15 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపు ముక్కను 5 సెంటీమీటర్లు నేలలోకి దించండి. కింద రాయి తగిలితే చోటు మార్చండి, లేదంటే అంచు నుంచి నీరు కారి లెక్క తప్పుతుంది. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి 440 మిల్లీలీటర్లు పోసి, కాగితాన్ని మెల్లగా లాగేయండి. నేరుగా పోస్తే ధారకు పెచ్చు పగిలిపోతుంది. ఆ 440 మిల్లీలీటర్లు 25 మిల్లీమీటర్ల వానకు సమానం. మొదటిసారి పోసింది నేల తడవడానికే, రెండోసారి పోసింది ఎంతసేపట్లో ఇంకిందో రాసుకోండి. ఆకు కప్పిన చోట ఒకసారి, కాలిన చోట ఒకసారి చేయండి.

కాలిన చోటు అన్నది ఊరికే కాదు. నిప్పు పెడితే కొత్త గడ్డి బాగా వస్తుందన్న నమ్మకం ఇంకా పోలేదు. చిగురు వస్తుంది, నిజమే. వాన రాకముందే నేలను కప్పిన ఆకు మాత్రం పోతుంది. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అందుకే అగ్గి గీతలు, అంటే మంట పాకకుండా ఆకూ గడ్డీ తీసేసి ఉంచే ఖాళీ పట్టీలు, ఫిబ్రవరిలోపే శుభ్రం చేయాలి. చాలాచోట్ల జరిగే తప్పేమిటంటే, ఊడ్చిన ఆకును గీత అంచునే కుప్పపోయడం. మంట ఆ కుప్పకు అంటుకుందంటే నిప్పురవ్వలు గాలికి లేచి గీత దాటతాయి. ఊడ్చిన ఆకును గీతకు దూరంగా, అడవి లోపల పలుచగా చల్లేయాలి.